కుప్పయ్య రాయి

కుప్పయ్య గొప్పవాడా, షాబాజ్ గొప్పవాడా అని పాకాలలో ఎవరినీ అడక్కూడదు. అడిగారో, చేతిలో టీ చల్లారిపోతుంది, ఎక్కాల్సిన కాట్పాడి బండి వెళ్లిపోతుంది, మాట మాత్రం తెగదు. ఇద్దరూ బేస్‌బాల్ ఆటగాళ్లే. ఇద్దరూ సెంటర్ ఫీల్డు వాళ్లే, అంటే బ్యాటు పట్టుకున్నవాడికి ఎదురుగా, మైదానం కొసన నిలబడేవాళ్లు. కాకపోతే ఒకాయన ఈ నెలతో రైల్వేలో రిటైరవుతున్నాడు, రెండోవాడికి ఇంకా ఉద్యోగమే రాలేదు. ఇలాంటి ఇద్దరిని పక్కపక్కన పెట్టి కొలవడానికి వేరే ఊరివాళ్లయితే కొంచెం మొహమాటపడేవాళ్లు. పాకాల టీ కొట్టుకు ఆ మొహమాటం లేదు.

"ఆ కాలంలో గ్లవ్సు యాడివప్పా? బస్సు సీటు రెక్సిన్ కత్తిరించి కుట్టుకునినారు. వాటితోనే కుప్పయ్య రెండు రాష్ట్ర పోటీలు ఆడినాడు," అని ఒకడు మొదలుపెట్టేవాడు.

"మనోడు జాతీయ పోటీలు ఆడినాడబ్బా. వాడు పల్టీ కొట్టి పట్టిన క్యాచి ఫోన్లో ఎంతమంది సూసినారో నీకు తెల్సునా?"

"సూస్తే ఏమొచ్చె? కుప్పయ్యకు ఉద్యోగమొచ్చె."

అక్కడికి షాబాజ్ పక్షం నోరు సగం మూతపడేది. అప్పుడు ఎవరో ఒకరు రాయి మాట ఎత్తేవాళ్లు. ఇక మిగతా సగం కూడా మూసుకుని, గ్లాసులు కింద పెట్టి లేవడమే.

ఆ రాయి రైల్వే కాలనీ వెనక మైదానంలో, వేపచెట్ల వరుసకు ఇవతల పాతి ఉంటుంది. మోకాలెత్తు ఉంటుంది. ఏటా పోటీలకు ముందు దానికి సున్నం కొడతారు. షాబాజ్ పుట్టకముందు ఎప్పుడో, అనంతపురం జట్టుతో జరిగిన ఫైనల్లో, ఆఖర్న కొట్టిన బంతి అందరి తలల మీదుగా పోతే కుప్పయ్య దాని వెనకాలే పరుగెత్తి సరిగ్గా ఆ చోట అందుకున్నాడు. అవతల అనంతపురం కుర్రాడొకడు హోమ్ పలక వైపు పరుగు తీస్తున్నాడు. వాడు ఆ పలకను తొక్కితే ఆట పోయినట్టే. మామూలుగా అంత దూరం నుంచి ఎవరూ నేరుగా విసరరు. మధ్యలోకి ఒకడు వచ్చి చేతులెత్తి నిలబడతాడు, బంతి వాడికి వేస్తే, వాడు అందుకుని వెనక్కి తిరిగి హోమ్‌కు వేస్తాడు. కుప్పయ్య మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. అక్కడి నుంచే విసిరాడు. బంతి నేల తాకకుండా పోయి పలక దగ్గరున్న క్యాచర్ చేతిలో పడింది, పరుగెత్తేవాడు ఔటయ్యాడు. ఆట చూడ్డానికి వచ్చిన రైల్వే ఆఫీసరు ఆ తర్వాత కుప్పయ్యను పిలిపించి ఉద్యోగం ఇప్పించాడు. ఇదీ కథ.

అప్పట్నించి భుజంలో సత్తువ ఉందనుకున్న ప్రతి కుర్రాడూ ఆ రాయి పక్కన నిలబడి విసరడం ఊళ్లో ఆనవాయితీ అయింది. ఎవరి బంతీ చేరలేదు. షాబాజ్ వేసింది మాత్రం ఒకసారి, గాలి కూడా కలిసొచ్చి, ఒక్క గెంతు గెంతి చేరింది. ఆ గెంతే అతని గొప్ప, అదే అతని వెలితి.

ఈ కథను ఊరికి చెప్పిందీ, చెప్పీ చెప్పీ నున్నగా చేసిందీ షాబాజ్ తండ్రి హిదాయతుల్లా. బస్టాండు పక్కన ఆటోలకూ బస్సులకూ సీటు కవర్లు కుట్టే కొట్టు ఆయనది. ఆ ఫైనల్లో జట్టులో ఆయన కూడా ఉన్నాడు. "నేను ఆడనే ఉండా. ఈ కండ్లతో సూసినా," అని ఆయన మొదలుపెడితే కుట్టుమిషను ఆగిపోయేది, వినేవాళ్లు స్టూళ్లు దగ్గరికి లాక్కునేవాళ్లు. ఇంట్లో వాళ్లు మాట్లాడేది ఉర్దూ. ఆట సంగతి వస్తే మాత్రం తండ్రీకొడుకులు తెలుగులోకి దిగిపోయేవాళ్లు, ఎందుకంటే హిదాయతుల్లా ఆ ఆట నేర్చుకున్నది కుప్పయ్యతో, తెలుగులో.

షాబాజ్ పుట్టి బుద్ధెరిగాక అన్నిటికన్నా ఎక్కువగా విన్న మాట "కుప్పయ్య అయితే". అన్నం వదిలేస్తే, కుప్పయ్య అయితే వదలడు. పొద్దున ఆలస్యంగా లేస్తే, కుప్పయ్య అయితే ఈపాటికి మైదానం చుట్టి వచ్చేవాడు. ఆ కుప్పయ్యను అతను చూసింది ఒకటి రెండుసార్లు, అదీ చిన్నప్పుడు. ఆయన ఉద్యోగం హుబ్బళ్లిలో, కాపురమూ అక్కడే. ఊళ్లో లేని మనిషితో రోజూ పోటీ పడడమంత చిరాకు ఇంకోటి లేదు. ఊళ్లో ఉన్నవాడైతే ఎప్పుడో ఒకప్పుడు ఓ తప్పు చేస్తాడు, ఓ క్యాచి వదిలేస్తాడు.

ఎండాకాలం నుంచి షాబాజ్ కుడి భుజం చెడింది. మొదట పొద్దునపూట పట్టేసేది. తర్వాత చెయ్యి తలదాకా లేవడం మానేసింది. దువ్వుకోలేక జుట్టు బాగా పొట్టిగా కత్తిరించుకుంటే, "ఇప్పుడుండావు ఆటగాడి మాదిరి," అని తండ్రి మెచ్చుకున్నాడు. చెల్లెలు అంబ్రీన్ కనిపెట్టింది. ఆమె తిరుపతిలో ఫార్మసీ చదువుతోంది. అన్నను అక్కడికే పిలిపించుకుని డాక్టరుకు చూపించింది. భుజంలోపల కండరం చినిగిందనీ, సగానికి పైగా చినిగిందనీ, ఇంకోసారి బలంగా విసిరితే మిగిలింది కూడా తెగుతుందనీ ఆయన చెప్పాడు. ఎలా చినిగిందని అడిగితే షాబాజ్ రాయి కథ చెప్పలేదు. ఆట అన్నాడు, అంతే.

"అబ్బాకు సెప్పు," అంది అంబ్రీన్, బస్టాండులో అతన్ని బస్సెక్కిస్తూ.

"గుంతకల్లు అయినాక సెప్తా."

గుంతకల్లులో రైల్వే స్పోర్ట్స్ కోటా ట్రయల్స్. సోమవారం. వచ్చే నెలకు అతని వయసు దాటిపోతుంది, కాబట్టి మళ్లీ ఇంకో సోమవారం లేదు. ఆ చేతిలో ఇంకొక్క మంచి త్రో మిగిలే ఉందని షాబాజ్ నమ్మకం. ఒక సూది వేయించుకుని, పళ్లు బిగించి, దాన్ని సోమవారం అక్కడ ఖర్చుపెడితే ఉద్యోగం వస్తుంది. ఆ తర్వాత చెయ్యి తెగినా, ఊడినా, కుర్చీలో కూర్చుని చేసే పనికి అడ్డం రాదు. ఇది తెలివితక్కువ ఆలోచన అని అతనికీ తెలుసు. వేరే ఆలోచన లేదు, అందుకని దాన్నే పట్టుకున్నాడు.

ఆ ఒక్క త్రో మీద కూడా ఊరి కన్ను పడింది.

పోటీల కమిటీకి అధ్యక్షుడు ఎరువుల కొట్టు మునిరత్నం. మైకు దొరికితే భోజనం కూడా మరిచిపోయే మనిషి. కుప్పయ్య రిటైరవుతున్నాడని తెలియగానే ఆదివారం పొద్దున సన్మానం పెట్టాడు. బస్టాండు ముందర ఫ్లెక్సీ కట్టించాడు. ఎడమవైపు కుప్పయ్య, మీసం మొలిచీ మొలవని పాత నలుపు తెలుపు ఫోటో. కుడివైపు షాబాజ్, రంగుల్లో. కింద పెద్ద అక్షరాల్లో: అప్పుడు కుప్పయ్య, ఇప్పుడు షాబాజ్. ఇంకా కింద: రాయి నుంచి హోమ్‌కు, అందరి ఎదుట. షాబాజ్‌ను అడగలేదు. ఎందుకు అడుగుతారు? హిదాయతుల్లాను అడిగారు, ఆయన నవ్వుతూ తల ఊపాడు.

శనివారం సాయంత్రం షాబాజ్ కొట్టుకు వెళ్లాడు, చెప్పేద్దామనే. హిదాయతుల్లా మర్నాటి బంతినే కుడుతున్నాడు. పాత బంతి తోలు విప్పి, లోపలి నూలును మళ్లీ బిగించి చుట్టి, మైనం రాసిన ఎర్రదారంతో రెండు సూదులు ఎదురెదురుగా దూస్తూ కుడుతున్నాడు. ఈ పని ఆయన ఎవరి చేతికీ ఇవ్వడు. షాబాజ్ పాత బస్సు సీటు ఒకదాని మీద కూర్చున్నాడు.

"అబ్బా, రేపు నేను ఏయకపోతే ఏమవుతాది?"

హిదాయతుల్లా తలెత్తలేదు. "ఏయకపోతే అంటే?"

"సోమవారం ట్రయల్స్ ఉండాయి గదా. చెయ్యి అలిసిపోతాదేమో అని."

"ఒక్క బంతికి అలిసేదేందిరా? కుప్పయ్య అయితే ఆ ఫైనల్ రోజు పొద్దున్నుంచి ఏసి ఏసి, ఆఖర్న ఏసినాడు ఆ త్రో. నేను ఆడనే ఉండా."

"నువ్వు సూసినావు. తెల్సు."

ఆ మాటలోని విసురు హిదాయతుల్లాకు తగిలిందో లేదో. సూది ఒక్క క్షణం ఆగింది. "నిన్ను ఊరంతా సూస్తాదని నాకు ఆశరా," అన్నాడు మెల్లగా. "ఆయన ఎదురుగా ఏసి సూపిస్తే ఇంగ ఎవురూ నోరెత్తరు. ఆ ఉషారు మీదనే గుంతకల్లు పోతావు."

తండ్రి మొహంలో అంత సంతోషం షాబాజ్ చాలా కాలంగా చూడలేదు. దాన్ని చూస్తూ భుజం సంగతి చెప్పడం అతని వల్ల కాలేదు. విసరకపోతే భయపడ్డాడంటారు, తండ్రి టీ కొట్టు వైపు వెళ్లలేడు. విసిరితే సోమవారం పోతుంది. మెల్లగా విసిరి తప్పించుకుందామంటే, మూడడుగుల దూరంలో పడిన బంతిని చూసి నవ్వేవాళ్లలో ఫోను లేనివాడు ఒక్కడూ ఉండడు. ఎటు తిరిగినా ఏదో ఒక గోడ ఎదురొస్తోంది. లేచి ఇంటికి పోయాడు.

ఆదివారం పొద్దున కుప్పయ్య రైలు దిగాడు. ఫ్లెక్సీలోని నూనూగు మీసాల కుర్రాడి కోసం వెతికినవాళ్లకు బట్టతల, కళ్లద్దాలు, చేతిలో టిఫిన్ క్యారియరుతో ఒక పొట్టి మనిషి కనిపించాడు. మునిరత్నం ఆయన్ను దాదాపు ఎత్తుకున్నట్టే వేదిక మీదికి తీసుకొచ్చాడు. షాబాజ్‌ను పక్కన కూర్చోబెట్టారు. ఇద్దరికీ బంతిపూల దండలు వేశారు, లావుపాటివి. కుప్పయ్య తన దండ తీసి మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. షాబాజ్ తీయలేదు. చెయ్యి అంత ఎత్తుకు లేవదు. కింద మొదటి వరసలో కూర్చున్న హిదాయతుల్లా దాన్ని గర్వమనుకుని మురిసిపోయాడు.

మునిరత్నం ఉపన్యాసం ఎండ నెత్తికెక్కేదాకా సాగింది. ఆ కాలం, ఈ కాలం, ఆ గ్లవ్సు, ఈ గ్లవ్సు, ఆయన మెడల్స్, ఈయన మెడల్స్ అన్నీ పోల్చాడు. చివరికి రాయి దగ్గరికొచ్చాడు. "ఒకే ఒక్క త్రో! మధ్యలో ఎవురూ లేరు! గాలిలోనే! నేల తాకలేదు!" నిజానికి ఆ ఫైనల్ రోజు మునిరత్నం ఊళ్లోనే లేడు, చిత్తూరులో మేనత్త పెళ్లిలో లడ్లు తింటున్నాడు. కానీ చూసినవాళ్లకన్నా బాగా చెప్పాడు. కుప్పయ్య కళ్లద్దాలు తీసి పంచె కొసతో తుడుచుకున్నాడు, మళ్లీ పెట్టుకున్నాడు.

ఆ తర్వాత అందరూ మైదానం పక్కకు కదిలారు. రాయి దాకా ఇద్దరే నడవాలని మునిరత్నం ఏర్పాటు, ఫోటో కోసం. కుప్పయ్య, షాబాజ్ ఎండలో నడవడం మొదలుపెట్టారు. వెనకాల కొంచెం ఎడంగా హిదాయతుల్లా, కొత్తగా కుట్టిన బంతిని చేతిగుడ్డలో చుట్టి, పెళ్లిపెద్దలా వస్తున్నాడు.

"ఎన్నేండ్లాయ ఈడికొచ్చి," అన్నాడు కుప్పయ్య. "ఆ మైకు మనిషి బలే సెప్తాడప్పా. నాకే నమ్మబుద్ధయింది."

షాబాజ్ మర్యాదకు నవ్వాడు.

"మైకు ముందర అట్ల పెద్దది సేసి సెప్పాల్నే. జనం గూడా అదే అడుగుతారు." రాయి దగ్గరికి వచ్చారు. కుప్పయ్య దాన్ని చేత్తో తట్టి, హోమ్ పలక వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. "ఈడనే అందుకునినా, నిజమే. రొప్పుతా ఉండా. తలెత్తితే హోమ్ కనపడలే నాకు. మీ నాయన కనపడినాడు. ఆ ఇసక కుప్ప కాడ, రెండు చేతులూ పైకెత్తి, కుప్పయ్యా కుప్పయ్యా అని అరుస్తా ఉండాడు. మీ నాయన లేకపోతే ఆ బంతి సగం దూరంలో పడి సచ్చిపోయుండు."

షాబాజ్‌కు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఎండ, మైకు, జనం అన్నీ దూరంగా జరిగినట్టయింది.

"మా అబ్బా మధ్యలో ఉండాడా?"

"ఉండకపోతే? నేను ఆయనకు ఏసినా, ఆయన తిరిగి హోమ్‌కు ఏసినాడు. తిరగడం ఎంత ఎగిరి తిరిగినాడనుకునినావు! నీకు తెలీనిదా ఇది?" కుప్పయ్య వెనక్కి తిరిగాడు. "ఏం హిదాయతూ, బిడ్డకు సెప్పలేదా?"

హిదాయతుల్లా ఆగిపోయాడు. చేతిగుడ్డలోని బంతిని అటూ ఇటూ తిప్పాడు. కొడుకు వైపు చూడలేదు, కుప్పయ్య వైపే చూశాడు. ఆయన మొహం చూస్తే, ఇన్నేళ్లుగా తలుపు వేసి పెట్టుకున్న గదిలోకి ఎవరో చెప్పులతో నడిచి వచ్చినట్టుంది.

"ఆట అయినాక ఆ ఆఫీసరు నన్ను పిలిచినాడు కుప్పయ్యా," అన్నాడు. "ఆయన ఎవురితోనో మాట్లాడతా, సరిగ్గా సూల్లేదు. దుమ్ము గూడా లేసింది. ఆ త్రో ఎవురిది అని అడిగినాడు. నీదే అనినా. నేరుగానా అనినాడు. ఔ సార్ అనినా. మీ ఇంట్లో అప్పుడు పొయ్యి సరిగ్గా వెలగడం లేదు, నాకు తెల్సు. ఒక్క మాటే గదా అనుకునినా."

కుప్పయ్య రాయి మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. ఆ మాట ఆయనకు కూడా కొత్తది. "అయితే నా ఉద్యోగం..."

"నీ కాళ్లకొచ్చిందిలే. ఆ బంతి ఎనకాల అంత దూరం ఇంగెవుడు పరిగెత్తుతాడు?"

"మరి నాకు?" షాబాజ్ గొంతు అతనికే వింతగా వినిపించింది. "నాకెందుకు సెప్పలేదు? చిన్నప్పట్నించి ఈ రాయి కాడ నిలబెట్టి ఏయిస్తా ఉండావే. ఇంగా ఏయి, ఇంగా ఏయి అని. యా మనిషీ ఏయని దూరం ఇది. నీకు తెల్సు. నీకొక్కడికే తెల్సు!"

"తెల్సు," అన్నాడు హిదాయతుల్లా. "తెల్సీ సెప్పినా. సెప్పీ సెప్పీ నేనే నమ్మేసినారా. మధ్యలో నిలబడినోడి కథ ఎవురింటారు? నేను సూసినా అంటే జనం కూసోని ఇనేవాళ్లు. నేనూ ఏసినా అంటే, నువ్వెవురురా అనుండేవాళ్లు. అట్లే పోయింది. నువ్వు ఒక్క గెంతుతో చేర్చినపుడు, నిజంగానే అవుతాదేమో అనిపించింది నాకు. నా కొడుకు ఏస్తే అబద్ధం గూడా నిజమైపోతాది గదా అని."

మైకు గర్జించింది. "సిద్ధమా? షాబాజ్ సిద్ధమా?" జనం చప్పట్లు కొట్టారు. ఫోన్లు పైకి లేచాయి.

షాబాజ్ ఇక దాచలేకపోయాడు. కోపంతో చెప్పాడు, ఏడుపుతో చెప్పాడు, రెండూ కలిసే వచ్చాయి. "నా చెయ్యి చినిగిపోయింది అబ్బా. లోపల. పైకి లేయదు. ఈ దండ తీసుకునేదానికి గూడా లేయదు."

హిదాయతుల్లా కొడుకు భుజం వైపు చూశాడు. "ఎంత చినిగింది?" అన్నాడు. కొట్టుకు వచ్చేవాళ్లు సీటు చూపిస్తే అడిగే మాటే, అదే గొంతుతో. అడిగాక తనే ఉలిక్కిపడి, చేతిగుడ్డతో నోరు మూసుకున్నాడు.

కుప్పయ్య ఇదంతా విన్నాడు. ఆ పొట్టి మనిషి రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని, మైదానం అవతలికి వినిపించేలా అరిచాడు. "నేను నేరుగా ఏయలేదప్పా! మధ్యలో హిదాయతు ఉండాడు! ఈ బిడ్డను ఇడిసిపెట్టండి!"

తర్వాత మైకులో మునిరత్నం గొంతు గద్గదమైంది. "విన్నారా! అదీ పెద్దరికం! అదీ వినయం! ఇంత సాధించి గూడా నేను ఏయలేదు అంటా ఉండాడు సామీ!" ఈసారి చప్పట్లు ముందరికన్నా రెట్టింపు మోగాయి. ఎవరో ఈల వేశారు. కుప్పయ్య మళ్లీ అరిచాడు, చేతులు అడ్డంగా ఊపాడు. జనం కూడా ఆయనకు చేతులు ఊపారు.

షాబాజ్‌కు నవ్వొచ్చింది, ఏడవలేక వచ్చిన నవ్వు. నిజం చెప్పినా బయటపడే దారి లేదు. విసిరినవాడే వచ్చి చెప్పినా లేదు. తండ్రి చేతిలోంచి బంతి తీసుకున్నాడు. వేసేద్దాం, పోతే పోతుంది, ఈ రోజుతో ఈ రాయి పీడ అయినా వదులుతుంది అనుకున్నాడు. వేళ్లు కుట్ల మీద సర్దుకున్నాయి. కుట్లు ఎప్పటిలాగే ఒద్దికగా, గట్టిగా ఉన్నాయి.

అప్పుడు హిదాయతుల్లా చెప్పులు విడిచాడు. నడవడం మొదలుపెట్టాడు. మైదానంలోకి, హోమ్ వైపు. కొంచెం కుంటుతూ, లుంగీ పైకి మడిచి కట్టుకుంటూ. ఒకప్పుడు ఇసుక కుప్ప ఉన్న చోటుకు వెళ్లి ఆగాడు. వెనక్కి తిరిగి, కాళ్లు ఎడంగా పెట్టి, రెండు చేతులూ పైకెత్తాడు.

"హిదాయతుల్లా భాయ్, అడ్డం ఉండారు. పక్కకు రావాల," అంది మైకు.

ఆయన కదల్లేదు.

"భాయ్! ఫోటోకు అడ్డం!"

"షాబాజూ!" అని అరిచాడు హిదాయతుల్లా. "షాబాజూ! షాబాజూ!" ఆ అరుపు మైదానమంతా వినిపించింది. షాబాజ్ పక్కనున్న కుప్పయ్య ఒక అడుగు ముందుకు వేశాడు. ఆయన ఆ అరుపును ఒకసారి విని ఉన్నాడు, తన పేరుతో.

షాబాజ్ వేశాడు. చెయ్యి పైకెత్తకుండా, నడుము దగ్గర నుంచి, మోచేత్తో, తండ్రి చేతుల దాకా మాత్రమే. నొప్పి మెడదాకా పాకింది, కానీ లోపల ఏదీ తెగలేదు. హిదాయతుల్లా వట్టి చేతులతో అందుకున్నాడు. అందుకుంటూనే తిరిగాడు. ఆ తిరగడం చూసి కుప్పయ్య "అదే! అదే!" అన్నాడు. హిదాయతుల్లా విసిరిన బంతి మధ్యలో పడి, గెంతి, మళ్లీ గెంతి, దొర్లుకుంటూ పోయి పలక దగ్గర ఆగింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒకడు నవ్వాడు, ఆ నవ్వు చూసి ఇంకో పదిమంది నవ్వారు. ఫోన్లు ఒక్కొక్కటీ కిందికి దిగాయి. "ఇది లెక్కలోకి రాదు," అన్నాడు మునిరత్నం, మైకులోనే. "మళ్లీ ఏయాల. నేరుగా ఏయాల. భాయ్, మీరు పక్కకు రండి."

హిదాయతుల్లా పలక దాకా నడిచి వెళ్లి, బంతి తీసుకుని చొక్కా జేబులో వేసుకున్నాడు. జేబు పట్టక కొంచెం చినిగింది. ఆయన పట్టించుకోలేదు. తిరిగి రాయి దాకా అంత దూరమూ నడిచి వచ్చాడు.

"రేపు?" అన్నాడు షాబాజ్. కోపం చల్లారలేదు, కానీ దాని కింద ఇంకేదో కూడా ఉంది. "రేపు ఆడ నేరుగా ఏయమంటారబ్బా. మధ్యలో ఎవురూ ఉండరు."

హిదాయతుల్లా నోరు తెరిచాడు. ఎన్నేళ్ల అలవాటో, మాట దానంతట అదే వచ్చేసింది. "కుప్పయ్య అయితే..." అన్నాడు. అక్కడే ఆగిపోయాడు.

"కుప్పయ్యకు నువ్వుండావు హిదాయతూ," అన్నాడు కుప్పయ్య.

మైకు ఇంకా పిలుస్తూనే ఉంది. వయసు దాటిపోతుందని షాబాజ్‌కు తెలుసు, ఈ చేతికి ఇక కట్టు కట్టించుకోవాలనీ తెలుసు, అయినా వెళ్లాలని ఉంది. ఈ రాయి పక్కనే పుట్టి పెరిగిన ఆశ అది, ఒక్క పూటలో పోదు.

హిదాయతుల్లా కొడుక్కి దగ్గరగా వచ్చి, రెండు చేతులతో ఆ బంతిపూల దండను జాగ్రత్తగా, భుజానికి తగలకుండా పైకెత్తి తీశాడు.

"నక్కో జా బేటా," అన్నాడు.

వెళ్లొద్దన్నాడు. ఆట సంగతి తండ్రి ఉర్దూలో మాట్లాడడం షాబాజ్ అంతకుముందు ఎప్పుడూ వినలేదు.